ఐరిష్ ట్యూన్ కింద బరోక్ బేస్: రెండూ చెడకుండా కలపడం ఎలా

ఫ్యూజన్ అనగానే చాలామంది చేసే పని ఒకటే. హుషారైన ఐరిష్ రీల్ (వేగంగా సాగే నృత్య ట్యూన్) ఒకటి పట్టుకుని, వెనక నాలుగు వయొలిన్లు, ఒక హార్ప్సికార్డ్ (తీగలను మీటే పాతకాలపు కీబోర్డు) పెట్టి, అన్నీ ఒకేసారి మోగించేస్తారు. వినడానికి నిండుగానే ఉంటుంది, కానీ అందులో ఐరిష్ ఊపూ ఉండదు, బరోక్ (17, 18 శతాబ్దాల యూరప్ సంగీతం) పొందికా ఉండదు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ట్యూన్, లయ, గమకాల లాంటి అలంకారాలు ఐరిష్ వాళ్ల దగ్గరే ఉండాలి. బరోక్ నుంచి తెచ్చుకోవాల్సింది ముఖ్యంగా బేస్, అంటే కింది స్వరాల వరస, ఆ తర్వాత మొత్తం కచేరీని పేర్చే పద్ధతి. ఈ పంపకం కుదిరితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. వయొలినో, ఫ్లూటో, కీబోర్డో కాస్త వాయించడం వచ్చి, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి ఇలాంటిది చేద్దామనుకునేవాళ్ల కోసం దీన్ని మొదటి నుంచి రాస్తున్నాను.

ముందు కారొలాన్ దగ్గరికి వెళ్లండి

ఈ కలయిక కొత్త ఆలోచనేం కాదు, 18వ శతాబ్దపు డబ్లిన్‌లో నిజంగా జరిగిందే. ఐరిష్ హార్ప్ కళాకారుడు టర్లో ఓ కారొలాన్ 1670లో మీత్ కౌంటీలో పుట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో మశూచి సోకి చూపు పోయింది. మెక్‌డెర్మట్ రో కుటుంబపు ఇల్లాలు అతనికి హార్ప్ నేర్పించి, ఒక గుర్రాన్నీ తోడుగా ఒక మనిషినీ ఇచ్చి పంపింది. అప్పటి నుంచి 1738లో చనిపోయేదాకా ఊరూరా తిరుగుతూ, ఆదరించిన ఇళ్లవాళ్ల పేర్ల మీద ట్యూన్లు కట్టాడు. రెండు వందలకు పైగా మిగిలాయి. ఆ పెద్దింటి హాళ్లలో ఇటాలియన్ సంగీతం కూడా మోగుతుండేది, అతనికి ఇటలీ సంగీతకర్తలు కొరెల్లి, వివాల్డి అంటే ఇష్టమని చెబుతారు. కొరెల్లి దగ్గర నేర్చుకున్న జెమినియాని 1733లో డబ్లిన్ వచ్చాడు, చివరికి 1762లో అక్కడే పోయాడు. కారొలాన్‌కీ జెమినియానికీ పోటీ జరిగిందని, అందులోంచే 'కారొలాన్స్ కాన్చెర్టో' అనే ట్యూన్ పుట్టిందని ఒక కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా ఆ ట్యూన్ వింటే మాత్రం ఇటాలియన్ వాసన తెలిసిపోతుంది. ఒకే చిన్న పలుకు మెట్టు మెట్టుగా మారుతూ మళ్లీ మళ్లీ వస్తుంది, అది అచ్చంగా కొరెల్లి తరహా. బరోక్ సంగీతకర్త హాండెల్ రాసిన 'మెసయ్య' గానకృతి మొట్టమొదట వినిపించింది కూడా డబ్లిన్‌లోనే, 1742 ఏప్రిల్ 13న, ఫిషాంబుల్ వీధిలోని హాల్లో.

ఇదంతా ఎందుకంటే, మీ మొదటి ట్యూన్ కారొలాన్‌దే అయితే సగం పని తేలికైపోతుంది. అతని ట్యూన్లు చాలావరకు ఒంటి వరసగానే మిగిలాయి, కింద అతను వాయించిన బేస్ ఏమిటో మనకు దక్కలేదు. అంటే బేస్ రాసుకునే స్వేచ్ఛ మీదే, పైగా ఆ ట్యూన్లు అప్పటికే బరోక్ గాలి పీల్చినవి కాబట్టి మొరాయించవు. ఇవాళ ఐరిష్ సెషన్లలో (వాద్యకారులు కూడి వాయించుకునే చోట) గంటల తరబడి వాయించే రీల్స్ చాలావరకు అతని తర్వాతి కాలానివి. వాటి జోలికి రెండో విడతలో వెళ్దాం.

ట్యూన్ల నొటేషన్ కోసం 'ద సెషన్' అనే వెబ్‌సైట్ ఉంది, కొరెల్లి, జెమినియానిల అచ్చు ప్రతులు ఐఎంఎస్ఎల్‌పీ అనే ఆన్‌లైన్ నొటేషన్ల గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. అయితే నొటేషన్ తెరిచేముందు చెవికి పని చెప్పండి. 1960లలో ఐరిష్ సంగీతకర్త షాన్ ఓ రియాడా తన బృందంతో చేసిన రికార్డింగులు వెతికి వినండి. అతను హార్ప్సికార్డ్ ముందు కూర్చుని కారొలాన్ ట్యూన్లు వాయించేవాడు, ఎందుకంటే కారొలాన్ హార్ప్‌కి ఉండేవి లోహపు తీగలు, వాటి గలగలకు ఇవాళ్టి హార్ప్ కంటే హార్ప్సికార్డే దగ్గరగా ఉంటుందని అతని నమ్మకం. నేనూ అదే అంటాను.

శ్రుతి గొడవ మొదటి రోజే తేల్చుకోండి

రిహార్సల్స్‌లో టెన్షన్ ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఇవాళ బరోక్ బృందాలు సాధారణంగా 'ఎ' స్వరాన్ని 415 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటాయి, ఐరిష్ వాళ్లు 440 దగ్గర. తేడా ఇంచుమించు సరిగ్గా అర స్వరం. ఫిడిల్ తీగలు దించుకోవచ్చు, కానీ డి విజిల్ (చిన్న ఐరిష్ పిల్లనగ్రోవి), డి ఫ్లూట్ అంత కిందికి దిగవు. దారులు మూడే. ఒకటి, అందరూ 440కి రావడం. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకి ఇదే మంచిది, అనుమానం అక్కర్లేదు. రెండోది, డిజిటల్ కీబోర్డులో హార్ప్సికార్డ్ శబ్దం పెట్టుకుని ట్రాన్స్‌పోజ్ మీట నొక్కడం. మూడోది కాస్త ఖర్చుతో కూడినది గానీ ఫలితం చాలా బాగుంటుంది. 440 లెక్కలో సి షార్ప్‌లో పలికే విజిల్, ఫ్లూట్, ఇలెన్ పైప్స్ (ఐరిష్ తిత్తి వాద్యం) ఉన్నాయి. 415 లెక్కలో అదే డి అవుతుంది, కాబట్టి బరోక్ వాళ్లు ఏమీ మార్చుకోకుండానే మీరు వాళ్ల పక్కన కూర్చోవచ్చు. కింది శ్రుతి పైప్స్ నాదం మెత్తగా కూడా ఉంటుంది.

పైప్స్ ఉంటే అందరూ వాటికే శ్రుతి చేసుకోవాలి, ఎందుకంటే వాటి రీడ్లు గాలిలో తేమను బట్టి మారుతుంటాయి, వాయించేవాడు అప్పటికప్పుడు పెద్దగా చేయగలిగింది ఉండదు. గట్ తీగలు (జంతువుల పేగుతో చేసినవి) కూడా ఉక్కపోతకు నిలవవు. విశాఖపట్నంలోనో చెన్నైలోనో వాయించేవాళ్లు గట్ మోజు వదిలేసి మెత్తని సింథటిక్ తీగలు వేసుకుంటే ప్రాణానికి హాయి. కీబోర్డులో టెంపరమెంట్ (స్వరాల మధ్య దూరాలు సర్దే పద్ధతి) మార్చే వీలుంటే వలోట్టి అనేది పెట్టి చూడండి. డి, జి మేజర్లలో గాంధారం సర్దుకుని, పైప్స్ డ్రోన్ (ఆగకుండా మోగే ఒకే స్వరం) మీద తీగ తీసినట్టు కూర్చుంటుంది.

ట్యూన్ ఏ మోడ్‌లో ఉందో కనిపెట్టండి

కర్ణాటక సంగీతం కాస్తయినా తెలిసినవాళ్లకి ఇక్కడ పెద్ద లాభం ఉంది. ఐరిష్ ట్యూన్లలో ఎక్కువగా కనబడే మోడ్‌లు నాలుగు. స్వరాల వరకు చూస్తే మేజర్ అంటే శంకరాభరణం, మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి, డోరియన్ అంటే ఖరహరప్రియ, ఏయోలియన్ అంటే నఠభైరవి. డి విజిల్ మీద సులువుగా పలికేవి డి, జి శంకరాభరణాలు, ఎ హరికాంభోజి, ఇ ఖరహరప్రియ. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు ట్యూన్లు విని నొట్టుస్వరాలు కట్టినప్పుడు అన్నీ శంకరాభరణంలోనే కట్టారు, కాబట్టి మన చెవి పడమటి ట్యూన్ అనగానే ఆ రాగానికే పరుగెడుతుంది. ఐరిష్ విషయంలో ఆ తొందర పనికిరాదు. ట్యూన్ ఆఖరి స్వరం ఏదో చూడండి, దాన్ని షడ్జమం చేసుకుని గాంధార నిషాదాలు ఏవో చూడండి, ఆ తర్వాత ధైవతం చూడండి. నాలుగు మోడ్‌లూ అక్కడే విడిపోతాయి.

ఇది తేలకుండా బేస్ రాయడానికి కూర్చోవద్దు.

బేస్ రాయడం, అసలు పని ఇదే

బరోక్ సంగీతానికి ఆయువుపట్టు బాసో కంటిన్యువో. చెల్లో కింది వరస వాయిస్తుంది, హార్ప్సికార్డో థియోర్బోనో (పొడుగు మెడ ఉన్న పాతకాలపు తీగ వాద్యం) అదే వరస పట్టుకుని పైన కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) నింపుతుంది. పైన ట్యూన్, కింద బేస్, ఈ రెండు గీతలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మధ్యలో ఉన్నదంతా నింపుడే. అందుకని కార్డులతో మొదలుపెట్టకండి, రెండో గీతతో మొదలుపెట్టండి.

ముందు తేలికైనది. డి మేజర్‌లో ఎనిమిది బార్ల భాగం ఉందనుకోండి. బార్‌కి ఒక్క స్వరం చొప్పున బేస్ ఇలా దింపండి: డి, సి షార్ప్, బి, ఎ, జి, ఎఫ్ షార్ప్, ఇ, ఎ. స్వరాల్లో చెప్పాలంటే స ని ధ ప మ గ రి ప. భాగం రెండోసారి వచ్చినప్పుడు చివరి రెండు బార్లను ప, స చేయండి, ముగిసినట్టు ఉంటుంది. ఇప్పుడు ఫిడిల్ మీద ట్యూన్, చెల్లో మీద ఈ వరస, రెండే వాయించి వినండి. ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ బేస్‌నే మార్చండి, ట్యూన్‌ని ఎప్పుడూ మార్చకండి. బేస్ సి షార్ప్ మీదికి వెళ్లినప్పుడు పైప్స్ డ్రోన్ డి మీదే మోగుతుంటే ఆ రెండూ కొట్టుకుంటాయి, కాబట్టి దిగే బేస్ ఉన్నచోట డ్రోన్ ఆపేయాలి. డ్రోన్ కావాల్సిన చోట బేస్ కూడా డి మీదే కదలకుండా నిలబడాలి, బరోక్‌లో దానికి పెడల్ అనే పద్ధతి ఉండనే ఉంది.

అసలు చిక్కు మేజర్ కాని మోడ్‌లలో ఉన్న ట్యూన్లతో. ఇ డోరియన్, అంటే ఇ షడ్జమంగా ఖరహరప్రియ తీసుకోండి. అందులో నిషాదం డి, కైశికి నిషాదం. బరోక్ అలవాటున్న చెయ్యి ముగింపు రాగానే ఆలోచించకుండా దాన్ని డి షార్ప్ చేసేస్తుంది, కాకలి నిషాదం అన్నమాట, దాంతో బి మేజర్ కార్డు వచ్చి ఇ మైనర్ మీద వాలుతుంది. పుస్తకం ప్రకారం అది సరైన ముగింపే. కానీ ఆ ఒక్క స్వరంతో ట్యూన్ రంగు మొత్తం వెలిసిపోతుంది, పడమటి ఐర్లండ్‌లో పుట్టినది కాస్తా ఎవరో అభ్యాసం కోసం రాసిన పాఠంలా వినబడుతుంది. నా మాటగా ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: నిషాదాన్ని ముట్టుకోవద్దు. ఇ మైనర్ నుంచి డి మేజర్‌కి, మళ్లీ ఇ మైనర్‌కి, ఈ ఊగులాటే ఆ ట్యూన్ల ఇల్లు. బేస్ రెండు బార్లు ఇ మీద, రెండు బార్లు డి మీద ఉంటే చాలు. ఇంకాస్త కావాలంటే ఎ మేజర్ కార్డు వాడండి, అందులోని సి షార్ప్ చతుశ్శ్రుతి ధైవతం, ఖరహరప్రియ ముఖం చూపించేది అదే. అక్కడ పొరపాటున మామూలు సి వేస్తే నఠభైరవిలోకి జారిపోతారు. ముగింపులో డి నుంచి ఇ కి రండి, ఆఖరి కార్డులో గాంధారం తీసేసి ఇ, బి రెండే ఉంచండి. మేజరో మైనరో తేల్చకుండా వదిలేసిన ఆ ఖాళీ ఐదో స్వరం పాత హార్ప్ ధ్వనికి ఎంత దగ్గరగా ఉంటుందో విన్నాక మీరే ఒప్పుకుంటారు.

హార్ప్సికార్డ్ వాయించేవాళ్లకి ఒక మాట. ఆ వాద్యం మీద గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం దాదాపు ఒకటే, కాబట్టి ఊనిక స్వరాల సంఖ్యతో రావాలి. బలమైన దెబ్బ మీద నాలుగు స్వరాల కార్డు, బలహీనమైన దాని మీద ఒకటో రెండో, కొన్నిచోట్ల అసలేమీ లేకుండా. జిగ్ అనే ఆరు దెబ్బల నృత్య ట్యూన్‌లో ఆరింటికీ ఆరు కార్డులు కొడితే నృత్యం చచ్చిపోతుంది. ఒకటో దెబ్బ, నాలుగో దెబ్బ, అంతే. రీల్‌లో బేస్‌కి బార్‌కి రెండు స్వరాలు మించనివ్వకండి.

లయ: ఎవరి కాలు ఎవరు తొక్కకూడదు

కాగితం మీద జిగ్ 6/8లో మూడేసి సమానమైన స్వరాలు. వాయించేటప్పుడు అలా ఉండదు, మూడింటిలో మొదటిది కొంచెం సాగుతుంది, రెండోది కుంచించుకుపోతుంది, మూడోది తర్వాతి దానిలోకి తోస్తుంది. ఎంత సాగాలనేది ప్రాంతాన్ని బట్టి, మనిషిని బట్టి మారుతుంది. డొనెగల్ ఫిడిల్ సూటిగా, పదునుగా పోతుంది, క్లేర్ వాళ్ల వాయింపు నింపాదిగా ఊగుతుంది. కాబట్టి ఒక్క ప్రాంతపు వాయింపునే పట్టుకుని దాన్ని నోటితో పలకగలిగేదాకా వినండి. ఐరిష్ వాళ్లే ట్యూన్‌ని అర్థం లేని పలుకులతో పాడుతూ నేర్పుతారు, లిల్టింగ్ అంటారు, మనకి జతులు అలవాటే కాబట్టి ఇది ఇబ్బంది కాదు.

బరోక్‌లో కూడా ఇలాంటిదొకటి ఉంది. ఫ్రెంచి వాళ్లు పక్కపక్క మెట్ల మీద నడిచే స్వరాలను సమానంగా రాసి, పొడుగు పొట్టిగా వాయించేవాళ్లు. హార్న్‌పైప్ అనే నృత్య ట్యూన్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది, ఫ్రెంచి పద్ధతి తెలిసిన ఫ్లూట్ కళాకారుడు దొరికితే హార్న్‌పైప్‌తోనే మొదలుపెట్టండి. ఇటాలియన్ పద్ధతిలో మాత్రం స్వరాలు సమంగా పరుగెడతాయి, కాబట్టి కొరెల్లి పక్కన పెట్టాలంటే వేగమైన రీల్ బాగుంటుంది. మొదట్లో మెట్రోనోమ్‌ని అర బార్‌కి ఒక దెబ్బ చొప్పున 70 దగ్గర పెట్టి వాయించండి, చెల్లో బద్ధకించకుండా ఉన్నప్పుడే పెంచండి.

కమాను దగ్గర కూడా ఒక పేచీ ఉంది. బరోక్‌లో బలమైన దెబ్బకి కమాను కిందికి లాగాలి, ఇది నియమం. ఐరిష్ ఫిడిల్‌లో కమాను దెబ్బలను దాటుకుంటూ కలుపుతుంది, బార్ చివరి స్వరం తర్వాతి బార్ మొదటి స్వరంతో ఒకే కమానులో పోతుంది. రెండింటినీ ఒకే చేతిలో కలపబోతే ఏదీ రాదు. ట్యూన్ వాయించేవాళ్లు ఐరిష్ కమానే వాడాలి, బేస్, రెండో వయొలిన్ బరోక్ నియమం పాటించాలి. కింద నిలకడ, పైన అల్లిక. ఇలా విడదీయగానే సంగీతం ఎంత తేటపడుతుందో చెప్పలేను. బరోక్ కమాను లేకపోతే మామూలు కమానునే రెండంగుళాలు పైకి పట్టుకోండి, తేలికైపోతుంది.

అలంకారాలు

ఐరిష్ అలంకారాల పని ఎక్కువగా స్వరాన్ని కోయడం, బరోక్ అలంకారాల పని స్వరాన్ని వొలికించడం. కట్ అంటే పై వేలితో ఒక్క చిటుకు, అందులో స్వరం వినబడకూడదు, విరుపు మాత్రమే వినబడాలి. కింది నుంచి చేస్తే ట్యాప్. రెండూ కలిపితే రోల్. జి మీద రోల్ కావాలంటే మూడు దెబ్బల నిడివిలో జి, పైన చిటుకు, జి, కింద చిటుకు, జి. మొదటి జి ని కాస్త నిలిపి మిగతావి చివరికి తోసేస్తే జిగ్‌కి ప్రాణం వస్తుంది. కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నవాళ్లు ఇక్కడ ఒకటి గమనించుకోవాలి, మన వేలు అలవాటు కొద్దీ జారుతుంది. రోల్‌లో జారుడు లేదు, వేలు నిప్పు మీద పడి లేచినట్టు లేవాలి.

బరోక్ ట్రిల్ (రెండు పక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి వాయించడం) పై స్వరంతో, సరిగ్గా దెబ్బ మీద మొదలవుతుంది. దాన్ని ట్యూన్ నిండా చల్లకండి, భాగం ముగిసేచోట ఒక్కటి చాలు. నెమ్మది ట్యూన్లలో అయితే పై స్వరం మీద ఒక్క క్షణం ఆనుకుని కిందికి వదిలే అపోజియాటురా ఎంతో బాగుంటుంది. వైబ్రాటో, అంటే స్వరాన్ని వణికించడం, రెండు పక్కలా తక్కువే, దాదాపు మానేయండి.

వరస పేర్చడం

ఐరిష్ వాళ్లు ట్యూన్లను రెండు మూడు కలిపి సెట్‌గా వాయిస్తారు, బరోక్ వాళ్లు నృత్యాలను సూట్‌గా కూర్చుతారు. రెండింటికీ పోలిక ఉంది, బరోక్ సూట్ చివర తరచూ వచ్చే జీగ్ పేరే జిగ్‌కి చుట్టం. ఒక నెమ్మది కారొలాన్ ట్యూన్, తర్వాత హార్న్‌పైప్, తర్వాత జిగ్, చివర రీల్, పది నిమిషాల లోపు. ముప్ఫై రెండు బార్ల ట్యూన్‌ని సాధారణంగా మూడుసార్లు వాయిస్తారు కదా, ఆ మూడింటినీ వాడుకోండి. మొదటిసారి ఒక్క వాద్యం, కింద డ్రోన్. రెండోసారి బేస్ ప్రవేశిస్తుంది. మూడోసారి రెండో వయొలిన్ ట్యూన్ మొదటి రెండు బార్లను ఒక బార్ ఆలస్యంగా అందుకుని, తర్వాత తన దారిన పోతుంది. మొత్తం ట్యూన్‌ని అలా వెంటాడించాలని చూడకండి, ఎక్కడో ఒకచోట స్వరాలు గుద్దుకుంటాయి. ఫోలియా లాంటి ప్రసిద్ధ బరోక్ బేస్ మీద ఐరిష్ ట్యూన్ ఎక్కించాలనే ఆశ చాలామందికి ఉంటుంది. అది మైనర్‌లో, ఎత్తిన నిషాదంతో నడిచే బేస్, డోరియన్ ట్యూన్‌తో దానికి పడదు. నాలుగు స్వరాల బేస్ ఒకటి ట్యూన్ మోడ్‌లోంచే మీరే తయారు చేసుకుని తిప్పండి.

బౌరాన్ (ఐరిష్ చేతి డప్పు) వాయించేవాళ్లు ఉంటే రీల్ దాకా ఆగమనండి. హార్ప్సికార్డ్ గొంతు చిన్నది, చర్మవాద్యం మొదలైతే అది మునిగిపోతుంది. రికార్డింగ్‌లో కూడా హార్ప్సికార్డ్‌కి దగ్గరగా ఒక మైకు విడిగా పెట్టి, పైప్స్‌ని గదిలో వెనక్కి కూర్చోబెట్టండి.

రిహార్సల్

బరోక్ వాళ్లు కాగితం చూసి వాయిస్తారు, ఐరిష్ వాళ్లు చెవితో నేర్చుకుంటారు. మొదటి రెండు మూడు సిటింగుల్లో కాగితం బయటికి తీయకండి, చెల్లో వాయించేవాళ్లు సహా అందరూ ట్యూన్‌ని చెవితో నేర్చుకోవాలి. ట్యూన్ ఒంటికి పట్టిన చెల్లో బేస్‌కీ, చూసి వాయించే చెల్లో బేస్‌కీ తేడా వినేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత బేస్ కాగితం ఇవ్వండి. కారొలాన్ ట్యూన్లకి హక్కుల బెడద లేదు, కానీ సెషన్లలో తిరిగే కొన్ని ట్యూన్లు ఈ కాలపు వాళ్లు కట్టినవి, ఆన్‌లైన్‌లో పెట్టేముందు ఎవరిదో చూసుకుని అనుమతి అడగండి.

ముగింపు విషయంలో ముందే అందరూ ఒక మాట మీద ఉండాలి. బరోక్ అలవాటు చివరి బార్లలో నెమ్మదించి, ట్రిల్ వేసి, గంభీరంగా వాలమంటుంది. రీల్‌కి అది నప్పదు. ఆఖరి బార్ దాకా అదే వేగంతో వచ్చి, చెల్లో కింది డి, ఫిడిల్ పై డి, హార్ప్సికార్డ్ డి, ఎ, అందరూ ఒకే దెబ్బకి ఆపేయండి.